కిటికీ దగ్గర ఆగిన రంగు, ఆగని ఫిల్ము

బస్సుకు ప్రకటన ఫిల్ము, అంటే బొమ్మ అచ్చేసిన జిగురు ప్లాస్టిక్ పొర, ఎప్పుడూ వెనక నుంచి మొదలుపెట్టి ముందుకు అంటించుకుంటూ రావాలి. ప్రతి కొత్త ముక్క అంచు పాత ముక్క మీదికి అరంగుళం ఎక్కి కూర్చోవాలి. అప్పుడే బస్సు పోతుంటే ఎదురుగాలి ఆ అతుకు మీదుగా జారిపోతుంది. తిప్పి అంటించామా, బస్సు తుమకూరు రోడ్డు మీద నాలుగు రోజులు తిరిగేసరికి గాలి అంచు కింద దూరి చెవి లేపుతుంది. చెవి లేచిన ఫిల్మును చూసి ఊరుకునే మనిషి ఈ లోకంలో లేడు. స్టాపులో నిలబడ్డవాళ్ళలో ఎవరో ఒకరు పట్టుకుని లాగుతారు. మూడో రోజుకు ఏజెన్సీ నుంచి ఫోనొస్తుంది: "సార్, మన మోడల్‌కి బుగ్గ లేదు."

నేను బెంగళూరు పీణ్యలో చిన్న ప్రింటింగ్ యూనిట్ నడుపుతున్నాను. ఫ్లెక్సులు, షాపు బోర్డులు, డెలివరీ వ్యాన్లు, దొరికినప్పుడు బస్సులు. సొంతూరు హిందూపురం పక్కన. ఈ లైనులోకి మా మామ వెనక వచ్చాను, అమ్మకు తమ్ముడు. ఆయన నాకంటే చాలా ముందే వచ్చి కలాసిపాళ్యం చుట్టుపక్కల బోర్డులు రాస్తూ నిలదొక్కుకున్నాడు. లారీ నంబర్ల నుంచి దేవుడి పటాల దాకా అన్నీ రాసినా, సిటీ బస్సు వెనక రేకు మీద ప్రకటన రాయడం ఆయన లెక్కలో పెద్ద పని. బెంగళూరు సిటీ బస్సుల సంస్థ అప్పటికింకా బీటీఎస్సే. బీఎంటీసీగా మారింది 1997 ఆగస్టు 15న.

ఆ పని ఎలా జరిగేదో చెప్పాలి, ఇప్పుడు చేసేవాళ్ళు లేరు కాబట్టి. రేకును ఇసుక కాగితంతో రుద్ది, ప్రైమర్ కొట్టి, ఆరాక దాని మీద ఎనామిల్ రెండు కోటింగులు. సుద్దపొడి పట్టించిన దారాన్ని చెరో కొసా పట్టుకుని బిగలాగి టప్పుమని వదిలితే గీత పడేది. ఆ దారం కొస పట్టుకోవడమే నా మొదటి ఉద్యోగం. బొమ్మ కావాలంటే ముందు కాగితం మీద గీసి, గీత పొడుగునా సూదితో బెజ్జాలు పొడిచి, కాగితాన్ని రేకుకు ఆనించి, బొగ్గుపొడి మూటతో తట్టేవాడు. కాగితం తీస్తే రేకు మీద నల్లచుక్కల్లో పట్టుచీర కట్టిన ఆడమనిషి ఉండేది. ఆ తర్వాత అక్షరాలు. పైన కన్నడం, కింద ఇంగ్లీషు. మామకు కన్నడం రాయడం హిందూపురంలోనే వచ్చు, అక్కడ సగం ఊరికి వచ్చినట్టే.

అద్దం మీద మాత్రం చుక్క పడనిచ్చేవాడు కాదు. పడితే ఆరకముందే కిరసనాయిలు గుడ్డతో తుడవాలి. "అద్దానికి రంగు తగిలిందంటే డిపో ఫోర్‌మన్ మన తోలు తీస్తాడప్పా," అనేవాడు. అందులో గొప్ప సూత్రమేదీ లేదు. రంగు అంటే అడ్డు. అద్దానికి రంగేస్తే అది రేకైపోతుంది, అంతే. అందుకే లోకంలో ఎక్కడైనా సరే, చాలా ఏళ్ళ పాటు బస్సు మీద ప్రకటన కిటికీ దాకా వచ్చి ఆగింది.

ఆగిందంటే తక్కువేమీ కాదు. లండన్‌లో జార్జ్ షిల్లిబీర్ అనే ఆయన 1829లో గుర్రపు బస్సు నడపడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత యాభై అరవై ఏళ్ళకు తీసిన ఫోటోలు చూడండి. బస్సు పైన, పక్కన, మెట్ల దగ్గర, ఎక్కడ పలక పట్టే చోటుంటే అక్కడ పియర్స్ సబ్బు, నెస్లే పాలు. బస్సు కంపెనీలకు టికెట్ డబ్బు సరిపోకపోవడం నిన్నా మొన్నా వచ్చిన జబ్బు కాదు. కానీ అవన్నీ పలకలు. బస్సు రంగు బస్సుదే, పలక వచ్చి దాని మీద కూర్చునేది. డబుల్ డెక్కర్లు వచ్చాక రెండు అంతస్తుల మధ్య పొడుగాటి పట్టీ దొరికింది. ఆ పట్టీ నుంచి ఒక చోట కిందికి కూడా దించి ఇంగ్లీషు 'టీ' అక్షరం ఆకారంలో పోస్టరు వేయడం అక్కడ మామూలైంది.

బస్సు మొత్తాన్ని ఒకే గిరాకీకి అమ్మేయాలన్న ఆలోచన లండన్ ట్రాన్స్‌పోర్టుకు 1969లో కార్యరూపం దాల్చింది. ఆర్‌ఎం 1737 నంబరు రూట్‌మాస్టర్, అదే మనం కీచైన్ల మీద చూసే ఎర్ర డబుల్ డెక్కర్, ఆ బస్సు ఎరుపు వదిలేసి సైలెక్సీన్ అనే కంపెనీ ప్రకటనగా రోడ్డెక్కింది. సైలెక్సీన్ ఏం అమ్మేదో తెలుసా? గోడల రంగులు! మొదటి గిరాకీ రంగుల కంపెనీ కావడం కంటే న్యాయం ఏముంటుంది. మామకు చెబితే, "మరి డబ్బాలు ఊరికే ఇచ్చుంటారా?" అని అడిగాడు. పనివాడికి ముందు వచ్చే అనుమానం అదే.

ఆ తర్వాత 1976 దాకా పాతిక పైచిలుకు రూట్‌మాస్టర్లు ఇలా వేషం కట్టాయి. అంత పెద్ద ఊళ్ళో, వేల బస్సుల్లో, పాతిక. ఎందుకంత తక్కువ అనేది నాలాంటి వాడికి ఇట్టే అర్థమవుతుంది. రంగుతో బస్సు మొత్తం వేయాలంటే బస్సును రోడ్డు మీద నుంచి తీసి షెడ్డులో పెట్టాలి. రుద్దాలి, వేయాలి, ఆరాలి, అక్షరాలు రాయాలి, మళ్ళీ ఆరాలి. కాంట్రాక్టు అయ్యాక ఇదంతా తిరిగి మొదటి నుంచి, ఈసారి ఎరుపులోకి. రెండు సార్లూ ఆ బస్సు రాబడి సున్నా. ఏడాదికి తక్కువైతే ఎవరికీ గిట్టుబాటు కాదు. ఏడాది పాటు ఒకే బొమ్మకు డబ్బు కట్టగల కంపెనీలు ఎన్నుంటాయి?

ఆ ఏళ్ళ ఫోటోలు మాత్రం చూడముచ్చటగా ఉంటాయి, పనివాడి కళ్ళతో చూస్తే మరీ. చక్రం పైన వంపు, రెండు అంతస్తుల మధ్య పట్టీ, కిటికీల వరస: ఇవన్నీ ఎక్కడున్నాయో చూసుకుని బొమ్మను కూర్చాల్సి వచ్చేది. బస్సు ఒళ్ళు తెలియకుండా గీస్తే బొమ్మ పాడయ్యేది. 1977లో ఎలిజబెత్ రాణి గద్దెనెక్కిన రజతోత్సవానికి పాతిక రూట్‌మాస్టర్లకు వెండి రంగేశారు, ఒక్కో దానికి ఒక్కో కంపెనీ ఖర్చు పెట్టుకుంది. 1979లో షిల్లిబీర్ బస్సుకు నూట యాభై ఏళ్ళు నిండాయని డజను రూట్‌మాస్టర్లకు ఆయన కాలం నాటి ఆకుపచ్చ వేశారు. మెల్‌బోర్న్‌లోనైతే 1978లో ట్రాములను చిత్రకారులకు అప్పగించి, ఏ సరుకూ అమ్మకుండా ఉత్త బొమ్మలే వేయించారు. ఆ పని మా మామకు దొరికుంటే ఆయన పొట్ట నిండకపోయినా కడుపు నిండేది.

ఈ లెక్కంతా తలకిందులు చేసింది ఒక బెజ్జం. వ్యాసం ఒకటిన్నర మిల్లీమీటరు.

రోలండ్ హిల్ అనే ఇంగ్లండు మనిషి 1980లలో ఒక ఫిల్ము తెచ్చాడు. 1985లో కాంట్రా విజన్ అనే కంపెనీ పెట్టాడు. ఫిల్ము నిండా బెజ్జాలే. సుమారు సగం ఫిల్ము, సగం ఖాళీ. బయటి వైపు తెలుపు, దాని మీద బొమ్మ అచ్చవుతుంది. లోపలి వైపు నలుపు. కిటుకు ఆ నలుపులో ఉంది. పగలు బయట వెలుగెక్కువ, బస్సు లోపల తక్కువ. బయట నిలబడ్డవాడి కంటికి తెలుపు మీది రంగులు ఎండకు మెరిసి బెజ్జాలు కనపడవు, బొమ్మే కనిపిస్తుంది. లోపల కూర్చున్నవాడికి నల్లచుక్కలు లెక్కలోకి రావు, కన్ను వాటిని దాటుకుని బెజ్జాల్లోంచి రోడ్డును పట్టుకుంటుంది. నిజంగా తెలివైన పని. మొదటిసారి శాంపిల్ ముక్క చేతికొచ్చినప్పుడు దాన్ని ట్యూబులైటుకు అడ్డంగా పెట్టి అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు ఆడుకున్నాను.

ఈ బెజ్జాల ఫిల్ము ఒక పక్క, కంప్యూటర్ నుంచి నేరుగా వినైల్ అనే ప్లాస్టిక్ ఫిల్ము మీద ఇంకు చల్లే పెద్ద ప్రింటర్లు ఇంకో పక్క, రెండూ కలిశాక ఇక అడ్డే లేదు. 1993లో పెప్సీ వాళ్ళు క్రిస్టల్ పెప్సీ అని నీళ్ళలా తెల్లగా ఉండే కూల్‌డ్రింక్ తెచ్చి, దాని కోసం అమెరికాలో బస్సును చుట్టేశారు. వినైల్ చుట్టుడు చరిత్ర చెప్పేవాళ్ళంతా ఆ బస్సు దగ్గరే మొదలుపెడతారు. ఆ డ్రింకు అట్టే కాలం నిలవలేదు, చుట్టుడు నిలిచింది. రాత్రికి రాత్రి అంటించొచ్చు. కాంట్రాక్టు అయ్యాక వేడిగాలి కొట్టి పీకేస్తే కింద బస్సు రంగు భద్రం. ఏడాది కాదు, నెలకే అమ్మొచ్చు. ఇక బొమ్మ గీసేవాడు బస్సు ఒంటిని చూడనక్కర్లేదు, కంప్యూటర్‌లో ఒక దీర్ఘచతురస్రం చాలు. కిటికీ వచ్చినా, తలుపు వచ్చినా బొమ్మ సాగిపోతూనే ఉంటుంది.

బెంగళూరులో ఈ పని ఊపందుకున్నది వోల్వోలతోనే అని నేనంటాను. దేశంలో సిటీ సర్వీసుకు వోల్వోలు ముందు తెచ్చింది మన బీఎంటీసీ, 2005-06 ప్రాంతంలో. వజ్ర అని పేరు పెట్టారు. పెద్ద పెద్ద అద్దాలు, తెరవడానికి వీల్లేనివి, రేకు నున్నగా. ఫిల్ము కోసమే పుట్టిన బస్సు. పాత మామూలు బస్సుకైతే వరసలు వరసలుగా రివెట్లు. ఒక్కో రివెట్టు మీద ఫిల్మును వేడి చేసి, గుండ్రటి బ్రష్షుతో నొక్కి కూర్చోబెట్టాలి. యాభై మైక్రాన్ల పల్చటి కాస్ట్ ఫిల్మైతే రివెట్టు ఒంపుకు లొంగుతుంది, దాని కంటే చవకైన మందం రకం వారానికే బిగుసుకుని పైకి లేస్తుంది. ఏ ఫిల్ము వాడాలనే దగ్గరే సగం గొడవలు. ఏజెన్సీ కొటేషన్లో ఒకటుంటుంది, రోలు మీద ఇంకోటుంటుంది. పేర్లు వద్దులెండి.

మామూలు బస్సుల కిటికీలు పక్కకు జరిగే రకం. వాటి మీద బొమ్మ వేస్తే ఇంకో తమాషా. ప్రయాణికుడు గాలి కోసం అద్దం జరిపితే మోడల్‌కి రెండు ముక్కులొస్తాయి. జరిగిన ప్రతిసారీ రబ్బరు బీడింగు ఫిల్మును గీకుతుంది. అందుకే వాటి మీద చాలావరకు కిటికీ కిందే ఆగుతాం. పేదోడి బస్సుకు ఆ రకంగా కిటికీ మిగిలింది.

డిపోలో పని రాత్రిదే. ఆఖరి ట్రిప్పు ముగించి బస్సు పదకొండుకు లోపలికొస్తే తెల్లారి అయిదుకు బయటికెళ్ళాలి. కడిగించాలి, ఆరబెట్టాలి, వెనక వైపు పేరుకున్న డీజిల్ మసిని స్పిరిట్‌తో తుడవాలి. అది తుడవడానికే గంట. మసి వేలెడంత మిగిలినా అక్కడ ఫిల్ము పట్టదు. వోల్వోకు ఇంజను వెనక ఉంటుంది, దాని గాలి జాలీ మూయకూడదు. అత్యవసర ద్వారం మూయకూడదు, దాని మీది రాత మూయకూడదు. డీజిల్ మూత, కేఏ-57 ఎఫ్ తో మొదలయ్యే నంబరు, డిపో నంబరు అన్నీ వదలాలి. ఇన్ని వదలమని చెప్పే కాగితంలో ప్రయాణికుడు చూసే కిటికీ గురించి ఒక్క ముక్క కూడా నేనెప్పుడూ చదవలేదు.

ఇప్పుడు ఆ కిటుకు ఎక్కడ చెడుతుందో చెబుతాను. పగలు బయట వెలుగెక్కువ కాబట్టి పని చేస్తుందన్నాను కదా. చీకటి పడి బస్సులో లైట్లు వెలిగాయంటే లెక్క తిరగబడుతుంది. బయటివాళ్ళకు లోపలి మనుషులు కనపడతారు, లోపలివాళ్ళకు బయట ఏమీ కనపడదు. ఇక వాన. బెజ్జాల్లో నీళ్ళు నిలుస్తాయి. ఒక్కో బెజ్జంలో ఒక్కో బొట్టు, ఒక్కో బొట్టూ వెలుతురును ఒక్కో వైపు విరుస్తుంది. దీనికి మందుంది: బొమ్మ మీద ఇంకో పారదర్శకమైన పొర వేస్తే నీళ్ళు బెజ్జాల్లోకి దిగవు. వాహనాలకైతే అది వేసి తీరాలి. ఆ పొరకు ఖర్చవుతుంది కాబట్టి, కొటేషన్లు నలిగేటప్పుడు మొదట ఎగిరిపోయేదీ అదే. మరి మన ఊళ్ళో వాన ఎప్పుడొస్తుంది? సాయంత్రం ఆరుకి, ఆఫీసులు వదిలే వేళకు, చీకటీ వానా కలిసి.

మా అత్తమ్మ హిందూపురం నుంచి వచ్చినప్పుడల్లా ఒక్కతే బస్సుల్లో తిరుగుతుంది. కన్నడ బోర్డు చదువుతుంది, ఎవర్నీ అడగదు. ఒక వాన సాయంత్రం జయనగర నాలుగో బ్లాకులో దిగాల్సింది. కండక్టరు అరిచాడో లేదో గానీ ఆ ఏసీ బస్సులో కిటికీలోంచి ఆమెకు రంగుల మసక తప్ప ఏమీ కనపడలేదు. కొంగుతో లోపలి నుంచి తుడిచిందట. నీళ్ళున్నది బయటి బెజ్జాల్లో, లోపల తుడిస్తే ఏం లాభం? బనశంకరిలో దిగి, తడిసి, ఆటోకు డబ్బు పోసి ఇంటికొచ్చి, టవలుతో తల తుడుచుకుంటూ నా ముందే అంది: "ఎవడో ఆ అద్దాలకు జల్లెడ కట్టినాడు సూడు అల్లుడూ, వాడి ఇల్లు బాగుపడ!" దీవెనో శాపమో అడగలేదు. నా భార్య వంటింట్లోకి వెళ్ళి నవ్వుకుంది.

చట్టం సంగతికొస్తే, 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు కార్ల నల్ల ఫిల్ముల మీద తీర్పిచ్చింది. కారు తయారైనప్పుడు అద్దంలో ఎంత మసక ఉందో అంతే, ముందూ వెనకా అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి, పైన ఎలాంటి ఫిల్మూ అంటించకూడదు అంది. ఆ తర్వాత జేసీ రోడ్డులో ఫిల్ము అంటించిన కొట్ల ముందే ఫిల్ము గీకించుకోవడానికి కార్లు నిలబడ్డాయి. ఇందులో కోర్టు చూసిన మోటారు వాహనాల నిబంధన ఒక్క కార్ల కోసమే రాసింది కాదు. కారులో కూర్చున్న నలుగురికి వర్తించిన వెలుతురు బస్సులో నిలబడ్డ అరవై మందికి ఎందుకు వర్తించదో లాయర్లు చెప్పాలి. నేను అంటించేవాణ్ణి, అడగడం వరకే నా వంతు.

2018 ఆగస్టులో హైకోర్టు మందలింపు తర్వాత నగరపాలిక ఫ్లెక్సులు, హోర్డింగుల మీద విరుచుకుపడింది. ఊరంతా ఇనుప చట్రాలు ఖాళీగా నిలబడ్డాయి. నా యూనిట్లో ఫ్లెక్సు మెషిను దుమ్ము పట్టింది, వినైల్ మెషిను మాత్రం ఆగలేదు. గోడ మీద పెట్టనివ్వకపోతే డబ్బు చక్రాలున్న వాటి దగ్గరికి నడుస్తుంది.

నా అన్నం ఇదే కాబట్టి బస్సు ప్రకటనలు వద్దని నేననను. 2023 జూన్ 11 నుంచి కర్ణాటక ప్రభుత్వ శక్తి పథకంలో ఆడవాళ్ళకు మామూలు బస్సులు ఉచితం. ఇలాంటివి నడవాలంటే డబ్బు నాలుగు దిక్కుల నుంచీ రావాల్సిందే. కానీ ఆ పథకంతోనే రంగు విలువ కూడా పెరిగింది. మెజెస్టిక్ బస్టాండులో వరసగా నిలబడ్డ బస్సుల్లో ఏది ఉచితం, ఏది ఏసీ అని దూరం నుంచే పోల్చుకుని పరిగెత్తే ఆడవాళ్ళకు నీలం తెలుపు రంగే సగం బోర్డు. లండన్ వాళ్ళు 1997 తర్వాత నగరం మధ్య తిరిగే బస్సుల్లో 80 శాతం ఎరుపు ఉండాలని ప్రైవేటు ఆపరేటర్లకు షరతు పెట్టారు. చాదస్తం కాదది. అక్కడా ఎవరో ఒక అత్తమ్మ ఉండే ఉంటుంది.

వ్యాపారం లెక్కలో చూసినా అద్దం మీద పెట్టే డబ్బు దండగే అంటాను. బస్సు పక్క భాగాన్ని పేవ్‌మెంటు మీది మనిషి రెండు సెకన్లు చూస్తాడు. వెనక భాగాన్ని సిల్క్ బోర్డు జంక్షన్లో ఇరుక్కున్న కారువాడు ఎంతసేపు చూస్తాడో మీకు చెప్పనక్కర్లేదు. ఫోన్ నంబరు కంఠతా వస్తుంది. మామ ఇరవై ఏళ్ళు రాసింది ఆ వెనక రేకే.

పోయిన నెల ఒక కోచింగ్ సెంటరు ఆయన వచ్చాడు, కడప మనిషి. పది బస్సులు, ఫుల్ రాప్, అంటే బస్సంతా చుట్టుడు, అద్దాలతో సహా అన్నాడు. రెండు కొటేషన్లు రాసిచ్చాను: అద్దాలతో ఒకటి, అద్దాలు వదిలేసి ఇంకోటి. అద్దాలున్న దాంట్లో వాననీళ్ళు ఆపే పై పొర ఖర్చు కూడా విడిగా రాశాను. ఆయన దాని మీద వేలు పెట్టి, "ఇది తీసేయొచ్చు కదన్నా?" అన్నాడు. "తీయొచ్చు. తీస్తే వానలో మీ స్టూడెంట్లు స్టాపు దాటిపోతారు," అన్నాను. కాసేపు లెక్క వేసుకుని రెండో కాగితం తీసుకున్నాడు. మిగిలిన డబ్బుకు ఇంకో మూడు బస్సులొస్తాయా అని అడిగాడు. రెండొస్తాయని చెప్పాను. మూడన్నాడు. ఇంకా బేరం నడుస్తోంది.